వేలిముద్ర వేసినవారి పిల్లలు



ఫోరెన్సిక్ ల్యాబుల్లో పనిచేసేవారు ఏ కులాల నుంచి, ఏ తెగల నుంచి వస్తున్నారన్నది ఆత్మకూరులో మాట్లాడుకోవాల్సిన విషయమేనా అని కొందరు అడిగారు. ఉదయగిరి, ఆత్మకూరు సీమలోనే మాట్లాడాలి.

ఎందుకో వేలిముద్రల చరిత్రే చెబుతుంది. 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో మొదలైంది. ముద్రలను వర్గీకరించే పద్ధతిని తీర్చిదిద్దడంలో అసలు శ్రమ అజీజుల్ హక్, హేమచంద్ర బోస్‌లది. లోకంలో నిలిచింది మాత్రం వారి పై అధికారి హెన్రీ పేరు. ఆ తర్వాత 1911 నాటి నేరస్థ జాతుల చట్టం మద్రాసు రాజధానికీ వచ్చింది. నేరం చేశాడా లేదా అన్నదానితో నిమిత్తం లేదు. పుట్టిన తెగను బట్టి మనిషి పేరు రిజిస్టరుకెక్కింది, వేళ్లకు సిరా అంటింది. మన జిల్లాలోనే, కావలిలో, ఎరుకల తెగవారిని నిఘాలో ఉంచే సెటిల్‌మెంటు నడిచింది. యానాది తెగవారి కోసం జీవితాన్ని ధారపోసిన వెన్నెలకంటి రాఘవయ్యగారు ఆ చట్టం మీద పోరాడారు. 1952లో అది దేశమంతటా రద్దయింది. అయినా ఊళ్లో దొంగతనం జరిగితే ముందుగా యానాది గుడిసెల వైపు తిరిగే చూపులు ఇంకా పోలేదు.

వరికోతలయ్యాక పొలంగట్టు మీద ఎలుకలు పట్టే యానాది పెద్దాయన్ని గమనించండి. ఎలుక కన్నం ముందు మట్టి కొత్తగా తోడిందా, ఎండి పొడిబారిందా అని చూస్తాడు. ఎలుక లోపల ఉందో లేదో తేల్చుకున్నాకే తక్కిన కన్నాలు మూసి, కుండలో గడ్డి రాజేసి పొగ ఊదుతాడు. ఇది పుట్టుకతో వచ్చిన విద్య అని నేననను. అలా అంటే, పుట్టుకతోనే దొంగలన్న పాత మాటకు చుట్టమవుతుంది. పెద్దల వెంట తిరిగి నేర్చుకున్న పరిశీలన ఇది. ఆనవాలు చూసి నిర్ణయానికి రావడమే కదా ల్యాబులోనూ జరిగేది!

ఆ ల్యాబులో డీఎన్‌ఏ పోల్చే సంగతి చూడండి. రెండు నమూనాలు కలిశాయంటే చాలదు. అవి కాకతాళీయంగా కలిసే అవకాశమెంతో లెక్కగట్టాలి. తరతరాలుగా తమలో తామే పెళ్లిళ్లు చేసుకునే చిన్న తెగలో ఒకరి డీఎన్‌ఏ మరొకరికి దగ్గరగా ఉంటుంది. బయటి జనాభా లెక్కలతో దాన్ని తూచితే, సాక్ష్యం ఉన్నదానికన్నా బలంగా కనబడి నిర్దోషి ఇరుక్కోవచ్చు. ‘ఈ లెక్క ఎవరిది?’ అని అడిగే మనిషి ల్యాబు బల్ల దగ్గర ఉండాలి. యానాది గుడిసెల్లో పెరిగినవారికి ఆ ప్రశ్న ముందుగా తడుతుంది.

2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం, ఏడేళ్లు, ఆపై శిక్షపడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనాస్థలానికి వెళ్లాలి. దీన్ని అమలుచేయడానికి రాష్ట్రాలకు ఐదేళ్ల గడువిచ్చారు. అంటే ఈ కొద్ది ఏళ్లలో ల్యాబులకు మనుషులు కావాలి.

ఇక్కడున్న అధ్యాపకులకు నా విన్నపం ఒక్కటే. పదో తరగతి దాటిన యానాది పిల్ల, ఎరుకల పిల్లవాడు మీ ఊళ్లో ఉంటే సైన్సు గ్రూపులో చేర్పించండి. కులధ్రువపత్రం కోసం మండలాఫీసుకు వాళ్లతో పాటు మీరూ వెళ్లండి. డిగ్రీ పూర్తయ్యేదాకా చేయి వదలకండి.