లారీల లెక్క, పిల్లల చదువు
(ప్లాటినం జూబిలీ సభలో ప్రధానోపాధ్యాయిని ప్రసంగ పాఠం)



ఇటువంటి శుభసందర్భంలో లారీల గురించి మాట్లాడటమేమిటని కొందరికి ఆశ్చర్యం కలగవచ్చు. కాని హోసూరులో బడి నడిపేవారు రహదారిని విస్మరించజాలరు. మన తరగతి గదుల్లో కూర్చున్న పిల్లల్లో చాలామంది ఇళ్లు లారీ చక్రం మీదనో, కర్మాగారం సైరను మీదనో ఆధారపడి ఉన్నాయి.

డెబ్బై అయిదేళ్ల క్రిందట మన ఊరు సేలం జిల్లాలో ఒక తాలూకా కేంద్రం. రాగి చేలు, చింతతోపులు, ఎద్దుబండ్లు మన పెద్దలు చూసిన హోసూరు. 1970ల దశకంలో ఇక్కడ సిప్కాట్ పారిశ్రామిక వాడ వెలిసింది. 1980 నాటికి టీవీఎస్ మోపెడ్లు, అశోక్ లేలాండ్ లారీలు ఇక్కడ తయారు కాసాగాయి. 1991 ఆర్థిక సంస్కరణల తరువాత ఊరు మరింత పెరిగింది. స్వర్ణ చతుర్భుజిలోని చెన్నై-ముంబై మార్గం మన ముంగిటి నుండే పోవడంతో దేశంలో ఎక్కడ గిరాకీ పెరిగినా, ఎక్కడ తగ్గినా ఆ సంగతి మనకు వెంటనే తెలిసిపోతున్నది. ఆ గిరాకీ స్వభావాన్ని ఒక చిన్న లెక్కతో మనవి చేస్తాను. నేను గణితోపాధ్యాయినిని కనుక ఈ స్వాతంత్ర్యాన్ని మన్నించండి.

ఒక ప్రాంతంలోని సరుకంతా మోయడానికి నూరు లారీలు సరిపోతున్నాయనుకుందాం. లారీ పదేళ్లు పనిచేస్తుందనుకుంటే, ఏటా పది పాతవి పోయి పది కొత్తవి రావాలి. ఒక ఏడు సరుకు నూటికి పది వంతులు పెరిగింది. ఇప్పుడు నూటపది లారీలు కావాలి. పాతవాటి స్థానంలో పది, అదనంగా పది, మొత్తం ఇరవై కొనాలి. సరుకు పెరిగింది పదో వంతే, లారీల కర్మాగారానికి వచ్చిన పని మాత్రం రెట్టింపు! మరుసటి ఏడు సరుకు తగ్గలేదు, పెరగనూ లేదు. అప్పుడు మళ్లీ పది లారీలు చాలు. సరుకు ఒక్క మూట కూడా తగ్గకుండానే కర్మాగారంలో పని సగానికి పడిపోయింది. ఇక సరుకే పదో వంతు తగ్గిందా, ఆ ఏడు కొత్త లారీ ఒక్కటీ అక్కరలేదు.

ఇది నల్లబల్ల మీది లెక్క మాత్రమే కాదు. 2018-19లో మన దేశంలో మధ్య తరహా, భారీ వాణిజ్య వాహనాలు సుమారు 3 లక్షల 90 వేలు అమ్ముడుపోయాయి. 2019-20లో ఆ సంఖ్య సుమారు 2 లక్షల 24 వేలకు పడిపోయింది. కరోనా తన పూర్తి ప్రభావం చూపక మునుపే జరిగిన పతనమిది. కారణాలు అనేకం. 2017 జులైలో జీఎస్టీ వచ్చి రాష్ట్ర సరిహద్దుల్లో పన్నుల చెక్‌పోస్టులు పోవడంతో అదే లారీ ఎక్కువ దూరం తిరగగలిగింది. 2018 జులైలో రెండు ఇరుసుల లారీ మొత్తం బరువు పరిమితిని 16.2 టన్నుల నుండి 18.5 టన్నులకు పెంచారు. పాత లారీలే ఎక్కువ సరుకు మోయసాగాయి. దానికి తోడు అప్పు దొరకడం కష్టమైంది, వ్యాపారం మందగించింది. 2019లో లారీల కర్మాగారాలు పనిలేని రోజులు ప్రకటించాయి. అటువంటప్పుడు ముందుగా ఇంటికి వచ్చేది కాంట్రాక్టు కూలీ. ఆ పైన విడిభాగాలు చేసే చిన్న షెడ్లు, వాటి పక్కన టీ కొట్లు.

ఈ లెక్క నాకు పుస్తకంలో బోధపడలేదు. ఒక పిల్లవాని వల్ల బోధపడింది.

2007లో తొమ్మిదో తరగతిలో ఒక బాలుడుండేవాడు. లెక్కల్లో దిట్ట. తండ్రి సొంత లారీ మీద కృష్ణగిరి గ్రానైటు దిమ్మెలను చెన్నై ఓడరేవుకు తోలేవాడు. విదేశాల్లో ఇళ్ల నిర్మాణం జోరుగా సాగిన కాలమది. బాడుగలు బాగుండటంతో ఆయన అప్పు చేసి రెండో లారీ కొన్నాడు. ఒకనాడు కుమారుని బదిలీ పత్రం కోసం వచ్చాడు.

“టీచరమ్మా, బండి నిలిచినా కంతు నిలవదు. పరాయివాణ్ణి క్లీనరుగా పెట్టుకొనేదానికంటే మావాడే మేలు కదా. కాలం బాగున్నప్పుడే నాలుగు రూకలు చూసుకోవాల” అన్నాడు.

నేను, “మీ ఇష్టమండీ” అన్నాను. అంతకు మించి ఒక్క మాట అనలేదు.

2008 ద్వితీయార్ధంలో అమెరికా ఆర్థిక సంక్షోభం ప్రపంచమంతా పాకింది. గ్రానైటు లోళ్లు తగ్గిపోయాయి. కంతులు తప్పడంతో అప్పిచ్చినవారు రెండో లారీని తీసుకొనిపోయారు. పిల్లవాణ్ణి మళ్లీ బడికి రమ్మని కబురు పంపాను. తనకంటే చిన్నవారి పక్కన కూర్చోలేనన్నాడు. నేటికీ అతడు ఇతరుల లారీ నడుపుతున్నాడు. డ్రైవరు వృత్తి హీనమైనదని నేననను. దేశానికి అన్నం, బట్ట, మందు చేరుస్తున్నది ఆ చేతులే. అయితే ఆ వృత్తిని అతడు ఎంచుకోలేదు, ఒక మంచి ఏడాది అతని తరఫున ఎంచుకున్నది. నేనందుకు సంతకం చేశాను.

2021 తరువాత మన జిల్లాలో మళ్లీ జోరు కనిపించింది. విద్యుత్ వాహనాల కర్మాగారాలు వచ్చాయి, ఫోను విడిభాగాల పరిశ్రమల్లో ఆడపిల్లలకు వేలాదిగా ఉద్యోగాలు దొరికాయి. సంతోషించదగిన విషయమే. కాని “ఎట్లాగూ పనిలోకే పోతుంది, ఇంకా ఎందుకమ్మా చదువు?” అనే మాట బడి గడపలో వినబడితే నాకు ఆ పాత సంతకం గుర్తుకు వస్తుంది.

తల్లిదండ్రులకు నా విన్నపం ఒక్కటే. మంచి కాలం బిడ్డ చదువుకు సొమ్ము సమకూర్చాలి కాని, బిడ్డనే కోరకూడదు. లారీని అమ్మి మళ్లీ కొనుక్కోవచ్చు. పదిహేనో ఏడు మళ్లీ రాదు. ప్లస్ టూ గాని, ఐటీఐ గాని పూర్తి చేసిన బిడ్డకు ఒక కర్మాగారం తలుపు మూసినా మరొకటి తట్టే ధైర్యముంటుంది.

పూర్వ విద్యార్థులారా, మీలో ఎందరో పరిశ్రమల్లో, రవాణా వ్యాపారంలో స్థిరపడ్డారు. మంచి రోజులతో పాటు పని నిలిచిన రోజులను గురించి కూడా మన పిల్లలకు వచ్చి చెప్పండి. కంతు కట్టలేని ఇంటి బిడ్డకు ఒక ఏడాది పుస్తకాలు, బస్సు ఖర్చు భరించండి.

ఇక నా వంతు. చదువు మధ్యలో మానిపించడానికి బదిలీ పత్రం అడిగితే, నేనూ ఆ తరగతి ఉపాధ్యాయులూ ముందు ఆ ఇంటికి వస్తాము. లెక్క అంతా కాగితం మీద వేసి చూపిస్తాము. ఆ తరువాతనే సంతకం సంగతి. ఈ మాట ఇంత పెద్ద సభలో చెప్పుకుంటే, రేపు తప్పించుకోవడానికి నాకు వీలుండదు. అందుకే చెప్పాను.

సెలవు.