తొలి ఏకాదశి - పేలపిండి



ఈనాడు ఒక చిన్న వస్తువును గురించి మాట్లాడదలచినాను. 2024 జూలై 17న, తొలి ఏకాదశినాడు, మన ఆలయములో తీర్థము పుచ్చుకొని ఎనిమిదేండ్ల బాలిక ఒకతె చేయి చాచి నిలిచినది. అర్చకులు పటికబెల్లపు పలుకు పెట్టినారు. ఆ పిల్ల చేయి తీయలేదు. నా వైపు చూచి, "అయ్యగారూ, పేలపిండి లేదా?" అని అడిగినది. ఆ సంవత్సరము పేలపిండి మానివేసినారు. "స్వామికి భక్తి ముఖ్యము తల్లీ, పిండి కాదు" అని నేను పెద్దరికముతో చెప్పినాను. పిల్ల తల వంచుకొని వెళ్ళిపోయినది. ఇల్లు చేరిన పిమ్మట నాకు సిగ్గు కలిగినది. ఎందుకనగా ఆ ఉదయము నేనును దానికొరకే ఎదురు చూచియుంటిని.

ఆషాఢ శుద్ధ ఏకాదశితో చాతుర్మాస్యము ఆరంభమగును. తెలంగాణమున ఆనాడు జొన్నపేలాలను విసరి, బెల్లమును యాలకులును కలిపి తినుట ఆచారము. వానాకాలపు చలికి దేహమునకు వేడి నిచ్చునని పెద్దలందురు, పితృదేవతలకు ప్రీతియనియు అందురు. ఏకాదశినాడు ధాన్యము తినవచ్చునా అని అడుగు పండితులున్నారు. వారితో వాదమునకు ఇది సమయము కాదు.

వేయించిన ధాన్యము వేదమునకు క్రొత్తది కాదు. సోమయాగమున ఇంద్రునకును ఆయన గుఱ్ఱములకును ధానలు, పూషునకు కరంభము. వివాహమున వధువు అగ్నిలో వ్రేల్చు లాజలు వరిపేలాలే. ఋగ్వేదము 10వ మండలములోని జ్ఞానసూక్తము, ధీరులు వాక్కును శోధించుటను జల్లెడతో సక్తుపిండిని శుభ్రపరచుటతో పోల్చినది. ఇంటిలో అమ్మమ్మ పేలపిండి జల్లించుట చూడనివానికి ఈ ఉపమానము నిఘంటువు తెరచి తెలిసికొనవలసినదే. పాఠశాలలో ఆ మంత్రము వల్లించునప్పుడు నా ముక్కునకు బెల్లపు వాసన తగిలెడిది. గురువుగారికి చెప్పలేదు.

మరి ఎందుకు ఆగిపోయినది? నిర్వాహకులను నిందించుట సులువు. నేనును రెండు మాటలన్నాను. తీరా విచారింపగా, ఏటేట పేలాలు వేయించి ఇచ్చు ముసలమ్మకు చూపు తగ్గినది, ఆమెకు జొన్నలిచ్చు పొలమును లేదు. ఏ జొన్న పడితే అది పేలదు. గింజ చిన్నదై, గుండ్రమై, గట్టిదై యుండవలెను. ఇసుక బాగుగా కాగినప్పుడు లోపలి తేమ ఆవిరియై గింజను చీల్చుకొని వచ్చును. మెత్తని జొన్న మాడునే గాని విచ్చుకొనదు.

మన బొల్లారము, అనగా సికిందరాబాదు వైపున్నది కాదు, పటాన్‌చెరు ప్రక్కది, కర్మాగారముల ఊరైనది. వాటివలన బ్రతుకుచున్న కుటుంబములు మన సభలోనే ఉన్నవి, కాదనను. కాని నక్కవాగు నీరు చెడి పొలములు పాడైనవని 1990లో సుప్రీంకోర్టువరకు వ్యాజ్యము వెళ్ళినది. పటాన్‌చెరులో 1972లో నెలకొన్న ఇక్రిశాట్ సంస్థ 30 వేలకు పైగా జొన్నరకముల విత్తనములను శీతలగృహములలో భద్రపరచినది. వాటికి కొన్ని మైళ్ళ దూరమున, స్వామి ప్రసాదమునకు పేలెడు జొన్నలు మనకు కఱవైనవి!

ఈ సంగతి ఒక ఆదివారము ముచ్చటించుచుండగా, ఇచ్చట కర్మాగారమున పనిచేయు బీహారు యువకుడొకడు, "మా సత్తు కూడ ఇట్టిదే గదా" అన్నాడు. వారు ఎక్కువగా సెనగలు వేయించి విసరుదురు. సక్తువే వారి నోట సత్తు, మన బతుకమ్మనాటి సత్తుపిండిలోనిదియు ఆ మాటయే. వాని తల్లి ఇప్పటికిని ఊరిలో ఇసుకలోనే వేయించునట. పొయ్యి దగ్గర తాను కూర్చుందునన్నాడు.

2025 జూలై 6 ఏకాదశికి ముందునాడు ఆలయపు పెరటిలో ఇనుప మూకుడు పెట్టినారు. జొన్నలు ఒక భక్తుడు జహీరాబాదు వైపునుండి తెచ్చినాడు. మొదటి రెండు దోసిళ్ళు మాడినవి. పొగకు నేను లేచిపోయితిని. ముసలమ్మను తీసికొనివచ్చి ప్రక్కన కూర్చుండబెట్టినారు. ఆమెకు కనబడదు గాని వినబడును. ఇసుకలో గింజ పడిన చప్పుడు విని, "ఇంకా కాగలేదు బిడ్డా" అన్నది. కొంతసేపటికి, "ఇప్పుడు పొయ్యి" అన్నది. మూకుడునిండ తెల్లగా విచ్చుకొన్నవి.

మొత్తము నాలుగు శేర్లు కూడ కాలేదు. మనిషికి చిటికెడు వచ్చినది. ఆ బాలిక వచ్చినది. తిన్నది. మరల వరుసలో నిలిచి రెండవసారి చేయి చాచినది. నేనేమియు చెప్పక పెట్టినాను.