చిప్పులో తప్పు పట్టే కొలువు

హైదరాబాద్ చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీలో పొద్దెక్కితే కుర్చీ దొరకదు. అశోక్‌నగర్ నిండా గ్రూప్స్ పుస్తకాలే. ఆ చదివేవాళ్లలో ఈసీఈ పట్టా ఉన్నవాళ్లూ ఉంటారు. వాళ్లకు ఇదే ఊళ్లో ఇంకో దారుంది: క్వాల్‌కామ్, ఏఎండీ లాంటి కంపెనీల చిప్ డిజైన్ పని.

ఇంటర్న్‌గా చేరగానే చిప్ గీయమనరు లెండి. తరచుగా అప్పగించేది వెరిఫికేషన్. ఇంకొకరు రాసిన సర్క్యూట్ కోడ్‌కి టెస్ట్‌బెంచ్ రాసి, రాత్రి సిమ్యులేషన్ పెట్టి, పొద్దున వేవ్‌ఫామ్‌లో ఏ క్లాక్ అంచు దగ్గర సిగ్నల్ తప్పిందో వెతకాలి. విసుగు పనే. కానీ తప్పు కంటపడకుండా దాటిపోతే ఖరీదు పెద్దదే: 1994లో ఇంటెల్ పెంటియమ్ చిప్ భాగహారంలో తప్పు బయటపడింది. చిప్పు లెక్కకు వాడే పట్టికలో కొన్ని గడులు ఖాళీగా మిగిలాయంతే, కంపెనీకి 47.5 కోట్ల డాలర్లు వదిలాయి.

ఈ పని ఇంట్లోనే మొదలుపెట్టొచ్చు: ఇకారస్ వెరిలాగ్ అనే సిమ్యులేటర్ ఉచితం, పాత లాప్‌టాప్‌లోనూ నడుస్తుంది. ముందొక చిన్న ఫీఫో (ముందొచ్చిన అంకె ముందు బయటికెళ్లే వరుస) రాయండి. నిండాక ఇంకో అంకె తోసి, ఏమవుతుందో చూడండి.