డిక్రీయు, జీతపు జప్తును: ఋణగ్రస్తునకు గల దారులు

(వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



సంస్కృత విద్యను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. కాని కొన్ని యేండ్లనుండి నాయొద్దకు వచ్చు మనవారు శ్లోకమున కర్థ మడుగుటకు వచ్చుట లేదు. కోర్టు కాగితమును చదివించుకొనుటకు వచ్చుచున్నారు. వచ్చినవారు తలుపు దగ్గరగా వేసి, "మాస్టారూ, ఈ సంగతి మనవాళ్లలో ఎవరికీ తెలియనీయకండి, పిల్లకు సంబంధం చూస్తున్నాము" అని చెప్పిన పిమ్మటనే కాగితము పైకి తీయుదురు. ఈ రహస్యమువలననే గడువులు దాటిపోవుచున్నవి. కావున నేడు ఋణమును గూర్చియే మాటలాడ నిశ్చయించితిని.

మన శాస్త్రకారులకు ఇది చిన్న విషయము కాదు. మనువు పదునెనిమిది వ్యవహారపదములను పేర్కొనుచు ఋణాదానమునే మొట్టమొదట నిలిపెను. తండ్రి ఋణమును కుమారుడు తీర్చుట ధర్మమని స్మృతులు విధించినవి. జూదమునకు, మద్యపానమునకు చేసిన ఋణములను మినహాయించినవి. ఈ పుత్రధర్మమును న్యాయస్థానములును చిరకాలము పాటించినవి. 2005 నాటి హిందూ వారసత్వ సవరణ చట్టము దానికి స్వస్తి చెప్పినది. ఆ చట్టము అమలులోనికి వచ్చిన 9 సెప్టెంబరు 2005 తరువాత తండ్రి చేసిన అప్పునకు, పుత్రధర్మమను నొక్క కారణముచేతనే కుమారునిపై కోర్టు చర్య తీసికొనజాలదు. తండ్రి విడిచిన యాస్తి తన చేతికి వచ్చినంతమేరకే కుమారుడు జవాబుదారి. "మీ నాన్న నోటుకు నీ జీతము పట్టింతును" అని బెదరించువారికి ఈ మాట చెప్పవలెను. కుమారుడు తానును సంతకము చేసియుండినచో సంగతి వేరు.

ఇక దావా వచ్చిన కథ. అమీను వీథి మొగమున కనబడగానే పెరటి దారిని పోవుట మనలో గొప్ప తెలివిగా చెల్లుచున్నది. సమను నిరాకరించినచో అది అందినట్లే కోర్టు భావించును. ప్రతివాది రాలేదు గనుక ఏకపక్షముగా డిక్రీ యగును. దానిని రద్దు పరచుమని డిక్రీ తేదీనుండి 30 దినములలో అర్జీ పెట్టవచ్చును. సమను సక్రమముగా అందనిచో డిక్రీ సంగతి తెలిసిన నాటినుండి 30 దినములు. తగిన కారణము చూపవలెను. పెరటి దారి తగిన కారణము కాదు. జిల్లా కోర్టులో అప్పీలునకును 30 దినములే గడువు. అప్పీలు వేసినంతమాత్రమున అమలు ఆగదు, స్టే వేరుగా పొందవలెను. సొమ్ములో కొంత కట్టుమనియో, జామీను ఇమ్మనియో కోర్టు సాధారణముగా అడుగును.

అప్పు నిజమైనప్పుడు దావాకు హాజరై చేయదగిన పని యొకటి కలదు. డిక్రీ యిచ్చునప్పుడే వాయిదాల పద్ధతిని సొమ్ము చెల్లించునట్లు వ్రాయుమని కోరవచ్చును. నోటులో ఏమి వ్రాసియున్నను, తగిన కారణ మున్నచో కోర్టు అట్లు చేయగలదు. డిక్రీ యైన తరువాత అదే కోరిక కోరినచో డిక్రీదారుని సమ్మతి కావలెను. ఒక్క దినము కోర్టుకు పోకపోవుటవలన న్యాయాధిపతి చేతిలోని దయ అప్పులవాని చేతిలోనికి పోవుచున్నది.

జీతపు జప్తును గూర్చి కొంత విపులముగా చెప్పెదను. ఏలయన మనలో ఉద్యోగస్థులు పెక్కండ్రు, వారిలో సొంత అప్పుకంటె చిట్టీలకు జామీను నిలిచి చిక్కిన వారే నాకు హెచ్చుగా కనబడుచున్నారు. జామీనుదారుడు అసలు బాకీదారునితో సమానముగా బాధ్యుడు. "ముందు వానిని పట్టుడు" అని చెప్పుటకు, ఒప్పందములో అట్లు లేనిచో, అతనికి హక్కు లేదు. చిట్టీ పాడుకొన్న స్నేహితుడు ఊరు విడిచిపోవును. పంతులుగారి జీతపు బిల్లునకు కోర్టు ఉత్తరువు వచ్చును. కట్టిన సొమ్మును ఆ స్నేహితునినుండి రాబట్టుకొను హక్కు ఆయనకు కలదు. కట్టిన నాటినుండి మూడేండ్లలో దావా వేయవలెను. మొగమోటముచేత వేయకుండువారే హెచ్చు.

ఐనను జీతమంతయు పోదు. సివిలు ప్రొసీజరు కోడు 60 వ సెక్షను ప్రకారము మొదటి వేయి రూపాయలును, మిగిలినదానిలో మూడింట రెండు పాళ్లును జప్తుకు రావు. జీతము రూ. 61,000 అనుకొందము. వేయి తీసివేయగా 60,000. అందు 40,000 మినహాయింపు. నెలకు 20,000 పోవును, 41,000 ఇల్లు చేరును. ప్రభుత్వోద్యోగుల విషయమున, ప్రకటనద్వారా మినహాయించిన అలవెన్సులను ఈ లెక్కలో చేర్చరాదు. ఒకే డిక్రీ క్రింద మొత్తము 24 నెలలు జప్తు జరిగినచో, ఆ డిక్రీకి ఆ జీతము మరల జప్తు కాదు. పై లెక్కలో అది రూ. 4,80,000. మిగిలిన బాకీ రద్దు కాదు. ఇతరమైన యాస్తిపై డిక్రీని పండ్రెండేండ్లవరకు అమలు చేసికొనవచ్చును. జీతమంతయు పట్టుకొనవచ్చునని ముందుగా వ్రాయించుకొనినను ఆ వ్రాత చెల్లదు. మనోవర్తి డిక్రీకి మాత్రము ఈ లెక్క వర్తింపదు; అందు ఉద్యోగికి మిగులునది మూడవ పాలే. అది న్యాయమే యని నా యభిప్రాయము.

పింఛను, ప్రావిడెంటు ఫండు, జీవిత బీమా సొమ్ము, కూలివాని కూలి, కర్షకుని నాగలి, ఎడ్లు, విత్తనపు ధాన్యము, అతడు కాపురమున్న యిల్లు, చేతిపనివాని పనిముట్లు, వంటపాత్రలు, మంగళసూత్రము: ఇవి జప్తుకు రావు. ఇల్లు తనఖా పెట్టినచో ఈ రక్షణ దానికి లేదు. పింఛను, గ్రాట్యుటీ సొమ్మును బ్యాంకులో డిపాజిటు చేసినను ఆ రక్షణ పోదని సుప్రీంకోర్టు 2008లో తీర్పు చెప్పినది. ఐతే బ్యాంకునకు గార్నిషీ నోటీసు వచ్చినప్పుడు ఇది పింఛను సొమ్మే యని చూపగలుగవలెను. కావున నావంటి పింఛనుదారులు ఆ ఖాతాలో ఇతరమైన సొమ్ము కలుపకుండుట మేలు.

చెరసాల భయము మనవారిని మిక్కిలి బాధించుచున్నది. డబ్బు లేనంతమాత్రమున జైలునకు పంపరాదని జస్టిస్ కృష్ణయ్యరుగారు 1980లో జాలీ జార్జి వర్గీసు కేసున తీర్పు వ్రాసిరి. శక్తి యుండియు ఈయకుండుట, ఆస్తిని దాచుట వంటి దుర్బుద్ధి ఋజువు కావలెను. సొమ్ము డిక్రీకై స్త్రీలను అరెస్టు చేయనే రాదు. కాని నోటీసు వచ్చిన దినమున హాజరై తన యసమర్థతను చెప్పుకొనవలెను. రానివానికి వారంటు వచ్చును. భూమిని బావమరిది పేర వ్రాసినవానికి ఆ దస్తావేజే ప్రతికూల సాక్ష్యమగును. అప్పులవారిని మోసగించుటకు చేసిన యట్టి బదిలీని వారు కొట్టివేయించుకొనగలరు.

ఇంకొక సంగతి. డిక్రీ యైన పిమ్మట పెద్దమనుష్యులయెదుట చేతికి సొమ్మిచ్చి, నమస్కారము పెట్టి, రసీదు లేక వచ్చువారు కలరు. కోర్టులో నమోదు కాని చెల్లింపును అమలు చేయు కోర్టు గుర్తింపదు. కోర్టులో గాని, బ్యాంకుద్వారా గాని, వ్రాతమూలముగా గాని చెల్లించి, డిక్రీదారుడు చెప్పకున్నచో తామే 30 దినములలో నమోదు చేయించుకొనవలెను. రాజీ కుదిరినచో లోకదాలతునందు వ్రాయించుకొనుట మంచిది. ఆ యవార్డుపై అప్పీలు లేదు.

ఇక ఐ.పి. 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టమే మన జిల్లాలలో సామాన్య ఋణగ్రస్తునకు నేటికిని వర్తించుచున్నది. 2016 నాటి కొత్త కోడులోని వ్యక్తుల భాగము కంపెనీల అప్పులకు జామీను నిలిచినవారికి మాత్రమే అమలైనది. ఐ.పి. యనగా ఎగవేత యని మనలో పేరు పడినది. నిజమునకు అది జప్తుకు వచ్చు యాస్తినంతయు కోర్టు వశము చేసి, అప్పులవారందరకు పంచుమని కోరుట. అన్ని దారులును మూసికొనినవాడు ఆ పని చేసినచో నేను తప్పు పట్టను.

మధ్యాహ్న భోజనానంతరము మన సంఘములోని న్యాయవాదులు సభావేదిక వెనుకనున్న గదిలో కూర్చుండ నంగీకరించిరి. సమను, నోటు నకలు, డిక్రీ నకలు, జీతపు చీటీ ఏది యున్నను తీసికొని రండు. ఆ గదికి వెనుకవైపునను తలుపు కలదు.