వెయ్యి పున్నములు



వెయ్యి పున్నములు చూసిన మనిషిని మీరు చూశారా? ఆ మనిషి మీ ఇంట్లోనే ఉండొచ్చు. లెక్క వేద్దాం రండి.

ఏడాదికి 12 పున్నములు. అధిక మాసం వస్తే 13. ఇలా 1000 పున్నములు చూడాలంటే దాదాపు 81 ఏళ్లు బతకాలి. అలా బతికిన వారికి పిల్లలు పండగ చేస్తారు. దానిని సహస్ర చంద్ర దర్శనం అంటారు. సహస్రం అంటే వెయ్యి.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఒక తాత, ఒక మామ్మ ఉన్నారు. తాతకు 81 ఏళ్లు నిండాయి. కొడుకులు పండగ చేశారు. పీటల మీద తాత పక్కన మామ్మ కూర్చుంది. అందరూ తాతకు దండం పెట్టారు.

అప్పుడు తాత అన్నాడు: "నా పున్నములు లెక్కేసినారు. మరి మీ మామ్మవి ఎవులు లెక్కేసినారు?"

ఎవరూ మాట్లాడలేదు. మామ్మ వయసు ఎవరికీ తెలియదు.

"నాకేటి తెల్సు బాబూ! సొతంత్రం వచ్చిననాడు మా యమ్మ సంకలో ఉన్నానంట" అంది మామ్మ.

మనవడి భార్య రాత్రి బడిలో చదువు నేర్చుకుంది. ఆమె పుస్తకం తెచ్చి లెక్క వేసింది. స్వాతంత్ర్యం 1947లో వచ్చింది. చంకలో పిల్ల అంటే ఏడాది పిల్ల. అంటే మామ్మ 1946లో పుట్టింది. పెళ్లి 1960లో అయింది. అప్పటికి మామ్మకు 14 ఏళ్లే! ఆడపిల్లకు 15 నిండాలని ఆనాటి చట్టం కూడా చెప్పింది. 1978 నుంచి 18 నిండాలి. మామ్మ కాపురానికి దండం పెడదాం. ఆ వయసులో పెళ్లి మాత్రం మన పిల్లలకు వద్దు.

పెళ్లయిన కొన్నాళ్లకు తాత కలకత్తా జూటు మిల్లుకు వలస పోయాడు. ఈ సీమ నుంచి ఎందరో అలా పోయేవారు. తాత ఉత్తరాలు రాసేవాడు. మామ్మకు చదువు రాదు. చదువు వచ్చిన వారింటికి ఉత్తరం పట్టుకెళ్లేది. వారు చదివితే వినేది. జవాబు కూడా వారే రాయాలి. పరాయి మనిషి ముందు మనసులో మాట ఎలా చెబుతుంది? "అందరం చేమం అని రాయండి బాబూ" అనేది.

ఒక ఏడాది వానలు లేవు. బియ్యం కోసం మామ్మ ముక్కుపుడక అమ్మింది. అది కూడా రాయించలేదు. తాత ఊరికి వచ్చి ఆమె ముఖం చూశాకే తెలిసింది. ఆ రాత్రి తాత అన్నం ముట్టలేదు. మళ్లీ కలకత్తా పోలేదు.

మామ్మకు అరసవల్లి సూర్యనారాయణ స్వామి అంటే గురి. రథసప్తమి నాడు జిల్లేడు ఆకులు తల మీద పెట్టుకుని స్నానం చేస్తుంది. చిక్కుడు ఆకులో పరమాన్నం పెడుతుంది. తాత కలకత్తాలో ఉన్న ఏళ్లలో కూడా అరసవల్లి వెళ్లేది. రెండు కొబ్బరికాయలు కొట్టేది. ఒకటి తన పేరున. ఒకటి తాత పేరున.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చింది. పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి తోటలు కూలిపోయాయి. తాత తోట కూడా పోయింది. కొబ్బరి మొక్క కాయాలంటే ఆరేడేళ్లు పడుతుంది. "ఈ వయసులో మనకెందుకే?" అన్నాడు తాత. "రేపు పొద్దు పొడవదా?" అంది మామ్మ. గొయ్యి తవ్వింది. తాత నీళ్లు పోశాడు. మొన్న పండగ నాడు ఆ చెట్టు కాయనే కొట్టారు.

పండగ సాయంత్రం మనవడి భార్య పెట్టె తెరిచింది. పాత ఉత్తరాలు ఒక్కొక్కటే చదివింది. తరవాత కాగితం తీసింది. "ఇప్పుడు జవాబు చెప్పు మామ్మా. నేను రాస్తాను" అంది.

మామ్మ చాలా సేపు ఆలోచించింది.

"నువ్వు లేని ఇంట్లో పొద్దు పోయేది కాదని రాయమ్మా" అంది.

పక్కనే ఉన్న తాత కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. "2027లో మామ్మకు పండగ చెయ్యండి. అప్పుడు నాను పక్కన కూకుంటాను" అన్నాడు.

అక్కలారా! మీ ఇంటి పెద్దమ్మ ఏ ఏడు పుట్టింది? ఏ కష్టం ఎవరికీ చెప్పకుండా దాచుకుంది? ఈ రాత్రే పక్కన కూర్చుని అడగండి. ఆమె చెప్పిన మాట చెప్పినట్టే రాయండి. ఇప్పుడు మీకు అక్షరం వచ్చు.