ఫోనులో పరిహాసము – హాస్టలులో ఒంటరితనము

(శతవార్షికోత్సవ యువజన సభలో చేసిన ప్రసంగము)



శతవార్షిక సభలో గడచిన నూరేండ్లను గూర్చి చెప్పుట వాడుక. మేము మాత్రము ఈ మధ్య మా పాస్టరేటులో కన్నదానిని చెప్పుటకు సెలవు కోరుచున్నాము.

మా సంఘమునుండి విశ్వవిద్యాలయమునకు వెళ్లిన ఒక కుమార్తె ఉన్నది. పేరు, ఊరు చెప్పము. గాయక బృందములో పాడునది. మొదటి సంవత్సరము సంక్రాంతి సెలవులకు వచ్చినప్పుడు బృందములో నిలువక, చివరి బల్లమీద కూర్చున్నది. చదువు భారము కాబోలుననుకొన్నాము. జరిగినదేమనగా, తరగతివారి వాట్సాప్ గ్రూపులో ఎవరో ఆమె మాట యాసను వెక్కిరించి, ఆమె ఫోటోను వికారముగా మార్చి, దానికొక పేరు తగిలించిరి. ఆ పేరు ఇన్‌స్టాగ్రామ్‌లోనికి కూడ పాకినది.

దెబ్బ ఎక్కడ తగిలినదో గమనించుడి. మార్కులు తగ్గలేదు, కనుక ఇంటిలో ఎవరికిని అనుమానము రాలేదు. ఆమె నలుగురితో కలిసి మెస్సుకు వెళ్లుట మానినది. అందరు తిని లేచిన తరువాత వెళ్లి చల్లారిన అన్నము తినునది. లైబ్రరీలో ఎవరైన నవ్వినచో తనను గూర్చియే అనుకొనునది. స్నేహితురాండ్రిద్దరు తమకును ఆ పేరు అంటునేమోనని తొలగిపోయిరి. పూర్వపు ర్యాగింగు హాస్టలు గేటు దగ్గర ఆగెడిది. సెలవులకు ఇంటికి వచ్చిన బిడ్డ నిద్రపోయెడిది. ఈ వేధింపు దిండుక్రింద ఫోనులో ఇంటికే వచ్చుచున్నది. దావీదును షిమీ దూషించినప్పుడు రాళ్లు రువ్వుచున్నవాడెవడో అందరికిని కనబడెను. ఇక్కడ రువ్వువానికి ముఖము లేదు, పేరును దొంగపేరే.

ఫోను కట్టివేయవచ్చును గదా అని పెద్దలు అందురు. మేమును అంటిమి. అది తెలివితక్కువ సలహా. పరీక్షల తేదీలు, నోట్సులు, తరగతి మార్పులు అన్నియు ఆ గ్రూపులోనే వచ్చును. దానిని విడిచిన విద్యార్థి తరగతినే విడిచినట్లు.

చట్టము లేకపోలేదు. మన రాష్ట్రములో ర్యాగింగు నిషేధ చట్టము 1997లోనే వచ్చినది. యూ.జి.సి. 2009లో నియమములు చేసినది. జూనియర్లను వేధించుటకు సీనియర్లు నడుపు వాట్సాప్ గ్రూపులను కూడ ర్యాగింగుగానే ఎంచవలెనని 2025లో కళాశాలలకు తెలియజేసినది. ఫిర్యాదుకు 1800-180-5522 అను ఉచిత ఫోను నంబరు కలదు. అయితే ఈమె సిగ్గుతో వచ్చినవన్నియు అప్పటికప్పుడే తుడిచివేసినది. కమిటీవారు ఆధారము అడిగినప్పుడు చూపుటకేమియు మిగులలేదు. మొదలుపెట్టినదెవరో నేటికిని తెలియదు. అందుచేత తలిదండ్రులకు ఒక మాట: బిడ్డ ఏడ్చుచు ఫోను చూపినచో, ముందు దానిని స్క్రీన్‌షాటు తీసి, తేదీతో దాచుడి. కోపము తరువాత.

ఇక మా తప్పు. తల్లి కన్నీళ్లతో వచ్చి చెప్పగా, మేము మేలు చేయుచున్నామనుకొని, హాస్టలులో అవమానము పొందిన సహోదరి కొరకు ప్రార్థించుడని సంఘపు వాట్సాప్ గ్రూపులో వ్రాసితిమి. పేరు వ్రాయలేదు, వ్రాయనక్కరయు లేకపోయెను. సాయంత్రమునకు అది ఎవరో అందరికిని తెలిసినది. ఒక యువకుడు ఆ ఫోటోను ఎక్కడనుండియో సంపాదించి ముగ్గురికి పంపెను. దురుద్దేశము లేదట, ఎంత అన్యాయమో చూడుమని పంపెనట. ఆమె మాతో నాలుగు నెలలు మాటలాడలేదు. వేదాంత కళాశాలలో పట్టా పొందిన కాపరికి, చెప్పుకొన్నవారి రహస్యము కాపాడవలెనను మొదటి పాఠమే మరపు వచ్చినది.

ఆమెను నిలిపినది మా ప్రార్థన విన్నపము కాదు, కమిటీయు కాదు. కొత్తగా ఆ గదికి వచ్చిన వేరొక జిల్లా అమ్మాయి, ఈ కథ ఏమియు అడుగక, ప్రతి రాత్రి ఎనిమిది గంటలకు రెండు కంచములు చేతపట్టుకొని తలుపు దగ్గర నిలుచుండెడిది. ఆకలిగా లేదని ఈమె అన్నను కదలెడిది కాదు. మూడవ వారమునకు ఇద్దరును మెస్సులో కిటికీ ప్రక్క బల్లమీద కూర్చుండిరి. వెనుక ఎవరో ఆ పేరు పెట్టి పిలిచిరట. ఆ అమ్మాయి తిరిగి చూచి, ఉప్పు ఇటు పంపుమన్నదట.

ఈ ప్రసంగమును నిన్న రాత్రి ఆమెకు ఫోనులో చదివి వినిపించితిమి. రెండు వాక్యములు కొట్టివేయమన్నది. అవి ఇందులో లేవు.