వారంటీ అయిపోయాక కారు ఏసీ పోయిందా? ఎస్టిమేట్ మీద సంతకం పెట్టే ముందు ఇది వినండి

ఈ ఎపిసోడ్‌లో మనం మాట్లాడుకునేది చాలామంది జేబుకి చిల్లు పెట్టే విషయం. మే నెల ఎండ, విజయవాడ అనుకోండి, హైదరాబాద్ అనుకోండి. కారు ఏసీ వేడిగాలి కొడుతోంది. వారంటీ మొన్ననే అయిపోయింది. సర్వీస్ సెంటర్ వాళ్ళు కంప్రెషర్, కండెన్సర్, కూలింగ్ కాయిల్, గ్యాస్, లేబర్ అన్నీ కలిపి ఒక 48,000 ఎస్టిమేట్ చేతిలో పెట్టారు అనుకుందాం. ఇంకా కారు ఈఎంఐ కడుతూనే ఉన్నారు. క్యాబ్ నడిపే వాళ్ళైతే ఇంకా కష్టం, ఏసీ లేకపోతే బండి ఎక్కేవాళ్ళే ఉండరు. ఏం చేయాలి?

ముందు ఏసీ ఎలా పనిచేస్తుందో రెండు నిమిషాల్లో చెప్తాను. ఇది తెలిస్తే మిమ్మల్ని ఎవరూ అంత ఈజీగా బురిడీ కొట్టించలేరు.

కారు ఏసీలో గ్యాస్ ఒక మూసేసిన పైపుల్లో తిరుగుతూ ఉంటుంది. ఇంజిన్ దగ్గరుండే కంప్రెషర్ దాన్ని నొక్కి వేడి చేస్తుంది. రేడియేటర్ ముందు ఉండే కండెన్సర్ ఆ వేడిని బయటికి వదులుతుంది, గ్యాస్ ద్రవంగా మారుతుంది. అది ఎక్స్‌పాన్షన్ వాల్వ్ దాటి డ్యాష్‌బోర్డ్ వెనకున్న కూలింగ్ కాయిల్‌లోకి వచ్చి మళ్ళీ ఆవిరవుతూ లోపలి గాలిలో వేడిని లాగేసుకుంటుంది. అంతే సంగతి.

ఇక్కడ గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటే. ఈ గ్యాస్ పెట్రోల్ లాగా ఖర్చయ్యేది కాదు. ఏళ్ళ తరబడి వాడితే సీళ్ళ గుండా కాస్త తగ్గొచ్చు. కానీ ప్రతి ఎండాకాలం గ్యాస్ పట్టించాల్సి వస్తోందంటే ఎక్కడో లీక్ ఉన్నట్టే. లీక్ వెతక్కుండా గ్యాస్ కొట్టడం అంటే చిల్లుకుండలో నీళ్ళు పోసినట్టే. పైగా చాలా కార్లలో వాడే ఆర్-134ఏ గ్యాస్ గాల్లో కలిస్తే, భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్ కంటే వెయ్యి రెట్లకు పైగా బలంగా పనిచేస్తుంది. అంటే డబ్బూ పోతుంది, గాలీ పాడవుతుంది.

ఇప్పుడు లక్షణాలు చూద్దాం. చవకైన కారణాల నుంచి ఖరీదైన వాటి వైపు వెళ్ళండి.

గాలే సరిగ్గా రావట్లేదా? ముందు క్యాబిన్ ఫిల్టర్ తీసి చూడండి. దుమ్ముతో మూసుకుపోయి ఉంటుంది. చాలా కార్లలో గ్లోవ్ బాక్స్ వెనకే ఉంటుంది, మీరే మార్చుకోవచ్చు.

బండి కదులుతున్నప్పుడు చల్లగా ఉండి, సిగ్నల్ దగ్గర ఆగితే వేడెక్కుతోందా? కండెన్సర్ ఫ్యాన్ తిరుగుతోందో లేదో చూడమనండి. కండెన్సర్ మీద బురద, దుమ్ము పేరుకుపోయినా ఇదే జరుగుతుంది.

గాలి బాగానే వస్తోంది కానీ అస్సలు చల్లదనం లేదా? ఫ్యూజ్, రిలే, ప్రెషర్ స్విచ్, ఆ తర్వాత గ్యాస్ లీక్. ఇవన్నీ చూశాకే కంప్రెషర్ మాట. కంప్రెషర్‌కి క్లచ్ ఉన్న బండి అయితే, ఒక్కోసారి పాడయ్యేది క్లచ్ కాయిలో, బేరింగో మాత్రమే. అది దొరికితే విడిగా మార్చొచ్చు, మొత్తం కంప్రెషర్ అక్కర్లేదు.

అలాగని పెద్ద ఎస్టిమేట్ ప్రతిసారీ మోసం కాదు. కంప్రెషర్ లోపల అరిగి విరిగిపోతే లోహపు పొడి పైపులన్నిటిలోకీ పాకుతుంది. అప్పుడు లైన్లు శుభ్రం చేయకుండా, డ్రయ్యర్ మార్చకుండా కొత్త కంప్రెషర్ బిగిస్తే అది కూడా త్వరలోనే పోతుంది. ఇప్పటి కండెన్సర్ల గొట్టాలు చాలా సన్నం, పూర్తిగా కడగడం కష్టం. అందుకే దాన్నీ మార్చమంటారు. కూలింగ్ కాయిల్ విషయంలో చాలా బళ్ళకి డ్యాష్‌బోర్డ్ విప్పాలి కాబట్టి లేబర్ ఎక్కువ అవుతుంది.

మరి నిజమో కాదో తెలిసేదెలా? మూడు ప్రశ్నలు అడగండి. ఒకటి, లీక్ ఎక్కడుందో చూపించారా? నైట్రోజన్ ప్రెషర్ పెట్టి సబ్బునీళ్ళతో, లేదా రంగు ఎక్కించి యూవీ లైట్‌తో చూపించొచ్చు. రెండు, గేజ్ రీడింగ్ ఎంత? ఫోన్‌తో ఫొటో తీసుకోండి. మూడు, తీసిన పాత పార్టులు నాకు ఇస్తారా? ఈ మూడిటికీ సూటిగా జవాబు రాకపోతే బండి బయటికి తీసుకొచ్చేయండి, చూసినందుకు ఛార్జీ కట్టైనా సరే.

తర్వాత రెండో ఎస్టిమేట్. ఆటోనగర్‌లో కారు ఏసీ పని మాత్రమే చేసే షెడ్లు ఉంటాయి. అక్కడా ఇవే ప్రశ్నలు. కార్ల కంపెనీలు చాలావరకు ఏసీ పార్టులు సొంతంగా తయారు చేయవు. డెన్సో, సుబ్రోస్, సాండెన్ లాంటి కంపెనీల దగ్గర తీసుకుంటాయి. అదే తయారీదారు సొంత డబ్బాలో అమ్మే పార్టు మీ బండికి దొరుకుతుందేమో అడగండి, చాలాసార్లు ధర తక్కువ ఉంటుంది. పని అయ్యేటప్పుడు వ్యాక్యూమ్ పెట్టారా, బానెట్ కింద స్టిక్కర్ మీద రాసినన్ని గ్రాములే గ్యాస్ పట్టించారా అన్నది దగ్గరుండి చూసుకోండి. ఎక్కువైనా కూలింగ్ తగ్గుతుంది.

"బయట చేయిస్తే ఇబ్బంది సార్" అని భయపెట్టేవాళ్ళు ఉంటారు. 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 14 కార్ల కంపెనీలకు దాదాపు 2,544 కోట్ల జరిమానా వేసింది. కారణం, విడిభాగాలు బయటి మార్కెట్లో దొరక్కుండా చేయడం. కంపెనీలు అప్పీళ్ళకు వెళ్ళాయి, అది వేరే కథ. కానీ బయట రిపేర్ చేయించుకోవడం తప్పేమీ కాదు, మీ వారంటీ అయిపోయాక అసలు కాదు.

ఇక డబ్బు తగ్గించుకునే దారులు. వారంటీ ఉండగానే కూలింగ్ తక్కువని కంప్లయింట్ ఇచ్చి ఉంటే ఆ జాబ్ కార్డ్ బయటికి తీయండి. అది గట్టి సాక్ష్యం. వారంటీ దాటి కొద్ది రోజులే అయితే, సర్వీసులన్నీ వాళ్ళ దగ్గరే చేయించి ఉంటే, గుడ్‌విల్ కింద ఖర్చులో కొంత భరించమని కంపెనీకి మెయిల్ పెట్టండి. ఇవ్వాలన్న రూలు లేదు, అడిగితే పోయేదేం లేదు. రాయి తగిలి కండెన్సర్ చిల్లు పడిందా? అది అరుగుదల కాదు, ప్రమాదం. కాంప్రహెన్సివ్ ఇన్సూరెన్స్‌లో క్లెయిమ్ అడగొచ్చు. కాకపోతే నో క్లెయిమ్ బోనస్ ఎంత పోతుందో లెక్క చూసుకుని అడగండి.

చేయని పనికి బిల్లు వేశారా, కొత్త పార్టు నెలకే పోయిందా? నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది, లాయర్ లేకుండా కూడా వెళ్ళొచ్చు, రెండేళ్ళ లోపు వేయాలి. అందుకే చెప్తున్నా, జీఎస్టీ బిల్లు లేకుండా పని చేయించొద్దు. పార్టుకి, పనికి ఎన్నాళ్ళ గ్యారంటీయో బిల్లు మీదే రాయించండి.

ఇప్పుడు చేతిలో డబ్బు లేదనుకోండి. యాప్‌లో అప్పు తీసుకుని ఆ రోజే చేయించాలా? బండి ఇంట్లో వాడుకునేదైతే, రెండో ఎస్టిమేట్ వచ్చేదాకా ఆగండి. కంప్రెషర్ గరగరమంటుంటే మాత్రం ఏసీ స్విచ్ ఆపేయండి, నష్టం పెరగదు. ఇంట్లో చంటిపిల్లలు, పెద్దవాళ్ళు ఉంటే ఎండ ప్రయాణాలు పొద్దున్నే పెట్టుకోండి. కానీ వానాకాలం వచ్చేలోపు రిపేర్ అయిపోవాలి. ఎందుకంటే అద్దం మీద ఆవిరి పట్టినప్పుడు గాల్లో తేమ లాగేది ఏసీనే. అది లేకపోతే రోడ్డు కనపడదు. క్యాబ్ అన్నలకి మాత్రం ఒకటే మాట. ఏసీ లేని రోజుకి మీకెంత పోతోందో రాసుకోండి, ఎన్ని రోజులు ఆగొచ్చో ఆ లెక్కే చెప్తుంది.

మీ ఫ్రెండ్ ఎవరైనా ఇప్పుడు ఎస్టిమేట్ పట్టుకుని తల పట్టుకుని ఉంటే, సంతకం పెట్టక ముందే ఇది పంపండి. మళ్ళీ కలుద్దాం, ఉంటా మరి.